బాలికల చేతికి పనిముట్లు

ఇంటిలో ఒక వస్తువు చెడినప్పుడు ఆ ఇంటివారి అలవాట్లు వెల్లడి యగును. గోడగడియారము నిలిచిపోయినది, లేదా చిన్నపిల్లవాని ఆటబొమ్మ పలుకుట మానినది. తండ్రి కుమారుని పిలిచి మర విప్పు మనును. పండ్రెండేండ్ల బాలుడు స్క్రూడ్రైవరు చేతబట్టి కూర్చుండును. పదునాలుగేండ్ల అక్క ప్రక్కన నిలువబడి, లోపల వెలుతురు పడునట్లు దీపము పట్టుకొనును. బాలుడు సరిచేసినచో మెప్పు వానిది. పాడుచేసినను "నేర్చుకొనుచున్నాడులే" యని పెద్దలు క్షమింతురు. ఆ అక్కకు మాత్రము పాడుచేయు అవకాశము కూడ దొరకదు. పాడుచేయు అవకాశము లేనివారికి బాగుచేయు నేర్పు ఎట్లు కలుగును?

ఈ దృశ్యము మిక్కిలి చిన్నది. ఇందులో ఎవ్వరును ఎవ్వరికిని అపకారము తలపెట్టలేదు. ఆ తండ్రి కుమార్తెను తక్కువగా చూచువాడు కాడు. ఆమెను బడికి పంపుచున్నాడు; ఆమెకు వచ్చిన మార్కులు చూచి మురియుచున్నాడు. ఐనను ఇట్టి చిన్న దృశ్యములే ఏటేట పోగుపడి ఒక పెద్ద భేదమును కల్పించుచున్నవి. పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి తమ్ముని చేతికి పనిముట్లు అలవాటగును. అక్క చేతికి అవి కొత్తగానే యుండును. అప్పుడు లోకులు ఆ భేదమును చూచి, "ఇది పుట్టుకతో వచ్చినది" అని తీర్మానింతురు. అది పుట్టుకతో వచ్చినది కాదు. దీపము పట్టుకొని నిలువబడుటచే వచ్చినది.

ఈ అలవాటును మార్చుటకు సులభమైన మార్గ మొకటి కలదు. ఉన్నత పాఠశాలలో చదువు బాలికలు చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరములను తమ చేతులతో తాము నిర్మించుట అభ్యసింపవలయును. తల్లిదండ్రులు అందుకు సమ్మతించుటయే గాక ప్రోత్సహింపవలయును. ఇది వినోదము కొరకు చెప్పు మాట కాదు. ఆధునిక గృహమున విద్యుత్తుతో పనిలేని గది లేదు. వంటయింటి మిక్సీ మొదలుకొని చేతిలోని ఫోను వరకు స్త్రీ వాడు వస్తువులన్నియు విద్యుత్తును ఆశ్రయించియున్నవి. దినమంతయు వాడు వస్తువు లోపల ఏమి జరుగుచున్నదో ఎరుగకుండుట ఇరుగుపొరుగు భాష రాని ఊరిలో జీవించుట వంటిది.

చేతిపనులు పెక్కు గలవు. వానిలో ఎలక్ట్రానిక్ పనినే ఏల ఎన్నుకొనవలయును? ఏలయన, దీనికి గొప్ప దేహబలము అక్కరలేదు; పెద్ద కార్ఖానా అక్కరలేదు. పీటయంత చోటు చాలును. కావలసినవి ఓర్పు, చురుకైన చూపు, క్రమము తప్పని బుద్ధి. వస్తువులును సులభముగా దొరకును. కొద్ది రూపాయలకే ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న దీపము, నాలుగు రెసిస్టర్లు వచ్చును. 1947వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ముగ్గురు శాస్త్రజ్ఞులు తొలి ట్రాన్సిస్టరును కనుగొనిరి. 1956లో వారికి నోబెల్ బహుమానము లభించెను. నాడు లోకమున కెల్ల అద్భుతమైన ఆ వస్తువు నేడు పట్టణములోని చిన్న అంగడిలో కందిగింజయంత రూపమున అమ్ముడుపోవుచున్నది. ఇంతటి విద్య ఇంత చవుకగా ఏ కాలమునందును దొరకలేదు.

మొదటి పాఠముగా ఎల్.ఇ.డి. అను చిన్న దీపమును వెలిగింపవచ్చును. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి ఆ దీపమును నేరుగా తగిలించినచో అది క్షణములో మాడిపోవును. ఎర్రని దీపమునకు సుమారు 2 వోల్టులు చాలును. మిగిలిన 7 వోల్టుల ధాటిని అడ్డుకొనుటకు నడుమ ఒక రెసిస్టరు ఉండవలయును. అది 470 ఓముల దైనచో దీపమున సుమారు 15 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము సాగును. దీపము చక్కగా వెలుగును. ఆ రెసిస్టరు మీద పసుపుపచ్చ, ఊదా, గోధుమ రంగుల పట్టెలు వరుసగా తొడిగిన గాజులవలె కనబడును. మొదటిది 4ను, రెండవది 7ను, మూడవది పదింతలను తెలుపును. రంగుల వరుసను చదివి విలువ చెప్పగలిగిన బాలికకు ఓము నియమము పరీక్షకొరకు వల్లించు వాక్యముగా మిగిలిపోదు. ఆ నియమమును తప్పినచో దీపము మాడునని ఆమె స్వయముగా చూచినది గదా!

తరువాత పాఠము ఇంటికి ఉపయోగపడునట్టి దైనచో మరింత మేలు. ఎండకాలమున తెలుగువారి యిండ్లలో డాబాలమీద వడియములు, అప్పడములు, మిరపకాయలు ఎండబెట్టుదురు. అకస్మాత్తుగా వాన వచ్చినచో ఇంటిల్లిపాది పరుగెత్తవలసినదే. చినుకు పడగానే మ్రోగి హెచ్చరించు పరికరమును ఎనిమిదవ తరగతి బాలిక ఒక మధ్యాహ్నములో నిర్మింపగలదు. దానికి ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక చిన్న బజరు, బి.సి. 547 అను ట్రాన్సిస్టరు, ఒక వేయి ఓముల రెసిస్టరు, కొంత రాగితీగ కావలయును. ఒక అట్టముక్కమీద రెండు తీగలను ఒకదానికొకటి తగులకుండ, అతి దగ్గరగా, దువ్వెన పళ్ళవలె అమర్చవలయును. ఒక తీగను బ్యాటరీ ధనధ్రువమునకును, రెండవ తీగను రెసిస్టరు ద్వారా ట్రాన్సిస్టరు నడిమి కాలికిని కలుపవలయును. బజరు ధనాగ్రమును బ్యాటరీ ధనధ్రువమునకును, రెండవ అగ్రమును ట్రాన్సిస్టరు కలెక్టరు కాలికిని కలుపవలయును. మిగిలిన ఎమిట్టరు కాలిని బ్యాటరీ ఋణధ్రువమునకు కలిపినచో పరికరము సిద్ధము. ట్రాన్సిస్టరు చదునైన ముఖము తనవైపు నుండునట్లు, కాళ్ళు క్రిందికి నుండునట్లు పట్టుకొనినచో ఎడమనుండి కలెక్టరు, బేసు, ఎమిట్టరు అను క్రమము కనబడును.

ఇది పనిచేయు విధము మనోహరమైనది. అట్ట పొడిగా నున్నంతవరకు రెండు తీగల నడుమ విద్యుత్తు సాగదు, బజరు ఊరకుండును. చినుకు పడగానే, నీటిలో కరిగియున్న లవణముల వలన, దుమ్ము వలన అత్యల్పమైన ప్రవాహము బేసు లోనికి పోవును. ఆ ప్రవాహము బజరును మ్రోగించుటకు చాలదు. కాని అది ట్రాన్సిస్టరు ద్వారమును తెరచును. అప్పుడు దానికి నూరు రెట్లు, అంతకు మించియు ప్రవాహము కలెక్టరు మార్గమున సాగి బజరును మ్రోగించును. పొలమున కాలువ తూమును కొంచెము ఎత్తినచో నీరు పొలమంతయు పారునట్లే యిదియు. ఇదే పరికరపు తీగలను మేడమీది నీళ్ళతొట్టి అంచున వ్రేలాడదీసినచో తొట్టి నిండగానే మ్రోగి, నీరు వృథాగా పొరలిపోకుండ కాపాడును.

మొదటి పర్యాయము పరికరము పనిచేయకపోవచ్చును. తరచుగా పనిచేయదు. బ్యాటరీ తలక్రిందైయుండును; లేదా ఒక తీగ చివర తొడుగు సరిగా ఒలిచియుండదు; లేదా ట్రాన్సిస్టరు కాళ్ళు తారుమారైయుండును. ఈ నిరాశలోనే అసలు చదువు గలదు. బాలిక తీగవెంట తీగ పరీక్షించుచు, "ఇచ్చటివరకు సరియే, తప్పు ఇకమీద నున్నది" అని తర్కించుకొనుచు పోవును. తుదకు దోషము దొరకును. బజరు మ్రోగును. ఆ క్షణమున కలుగు ధైర్యము నూటికి నూరు మార్కులు వచ్చినను కలుగదు. మార్కులు ఇతరులు వేయునవి; బజరు మ్రోత ప్రకృతి ఇచ్చిన తీర్పు. తీగకు ఆడ, మగ యను భేదము తెలియదు. సరిగా కలిపినచో పలుకును, లేనిచో పలుకదు.

బాలికల చేతులకు ఈ నేర్పు కొత్తది కాదని కూడ గమనింపవలయును. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున వాకిట చుక్కలు పెట్టి, ఒక్క గీత తప్పకుండ పెద్ద ముగ్గు వేయగల బాలికకు విద్యుద్వలయపు పటమును చదువుట కష్టమగునా? ఆ పటమందును చుక్కలును గీతలునే గదా కలవు! బొమ్మల కొలువు మెట్లను దీర్చిదిద్దు చేతులు ఆ మెట్లకు చిన్న దీపముల వరుసను తామే అమర్చలేవా? 1969వ సంవత్సరమున మనుజులను చంద్రునిమీదికి చేర్చిన అపోలో నౌకలోని గణకయంత్రపు జ్ఞాపకభాగమును అమెరికాలో స్త్రీలు తమ చేతులతో, సూది వంటి సాధనముతో, సన్నని తీగలను వలయముల గుండ దూర్చి అల్లిరి. ఒక్క తీగ తప్పుదారిని పోయినను యంత్రపు లెక్క తప్పును. 2007లో లేహ్ బ్యూక్లే అను విదుషి గుడ్డమీద విద్యుత్తు ప్రవహించు దారముతో కుట్టదగిన లిల్లీపాడ్ అను పరికరమును లోకమున కందించెను. ఇట్లు కుట్టుపనియు విద్యుత్పనియు ఒక్కచోట కలిసినవి. సూది పట్టిన చేయి సోల్డరింగు కడ్డీని పట్టలేదనుట కేవలము అపోహ.

ఈ అపోహను తెలుగింటి ఆడుబిడ్డ యొకతె ఎనుబదేండ్లకు పూర్వమే త్రోసిపుచ్చెను. ఆమె అయ్యలసోమయాజుల లలిత. 1919లో మదరాసున నొక తెలుగు కుటుంబమున జనించెను. ఆనాటి ఆచారము ననుసరించి పదునైదవ యేట ఆమెకు వివాహమయ్యెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున, చంటిబిడ్డ ఒడిలో నుండగా, ఆమె భర్తను కోల్పోయెను. వితంతువునకు బ్రతుకున వెలుగు లేదని సంఘము తలచు కాలమది. ఆమె దుఃఖమును దిగమ్రింగి చదువును చేపట్టెను. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యుడు. ఆ కళాశాలలో అంతవరకు బాలురే చదువుచుండిరి. తండ్రి కుమార్తె కొరకు కళాశాలాధ్యక్షుడైన కె.సి. చాకోతో మాటాడెను, అధికారులు అనుమతించిరి. మరుసటి యేడు లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అను మరి యిద్దరు యువతులు సివిల్ ఇంజనీరింగు శాఖలో చేరిరి. వారిలో త్రేసియా 1971లో కేరళ రాష్ట్రమున చీఫ్ ఇంజనీరయ్యెను. ఒక తలుపు ఒకరికొరకు తెరచినచో ఆ వెనుక మరికొందరు ప్రవేశింతురనుటకు ఇదియే నిదర్శనము.

1943లో లలిత విద్యుత్ ఇంజనీరింగున పట్టము పొందెను. పట్టపు పత్రమున "అతడు" అని ముందే ముద్రించియుండుటచే, ఆ పదమును కొట్టివేసి "ఆమె" అని చేర్చవలసివచ్చెను. జమాల్‌పూరు రైల్వే కర్మాగారమున ఆమె పనిముట్లు పట్టి శిక్షణ పొందెను. కొంతకాలము సిమ్లాలో ఉద్యోగము చేసిన పిమ్మట తండ్రి పరిశోధనలలో తోడ్పడుచు, విద్యుత్తుతో పలుకు ఒక వాద్యమును, పొగలేని పొయ్యిని రూపొందించు పనులలో పాల్గొనెను. 1948లో కలకత్తాలోని ఒక విద్యుత్పరిశ్రమ సంస్థలో చేరి, భాక్రా నంగల్ ప్రాజెక్టుకు సంబంధించిన విద్యుత్ పనులలో కృషి చేసెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ మహాసభకు హాజరయ్యెను. ఒడిలోని ఆ బిడ్డను పెంచుచునే ఆమె ఈ పనులన్నియు నెరవేర్చెను. ఆమె ప్రజ్ఞ ఎంత గొప్పదైనను, పనిముట్టును కుమార్తె చేతికి అందించుటకు వెనుదీయని తండ్రి యొకడు ఆమె కుండెనను సంగతి మరువరానిది.

ఐనను కొందరు పెద్దలకు సందేహములు కలుగును. వానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. మొదటి సందేహము అపాయమును గూర్చినది. గోడలోని 230 వోల్టుల విద్యుత్తు ప్రాణములు తీయగలది. బాలుడైనను బాలికయైనను దాని జోలికి పోరాదు. టీవీలను, ఛార్జర్లను విప్పరాదు. ఫోను బ్యాటరీలను గ్రుచ్చరాదు. కాని తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీతో చేయు పనిలో ఆ భయము లేదు. తొలిదినములలో సోల్డరింగు లేకుండ, రంధ్రముల పలక యగు బ్రెడ్‌బోర్డు మీద తీగలు గ్రుచ్చి పరికరములు నిర్మింపవచ్చును. సోల్డరింగు నేర్చునాడు గాలి వచ్చుచోట కూర్చుండి, పొగ పీల్చకుండ, పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనవలయును. ఆ లోహమున సీసము కలసియుండవచ్చును. కడ్డీ మొన సుమారు 350 డిగ్రీల వేడిగ నుండును గాన జాగ్రత్త అవసరమే. కాని సలసల కాగు నూనెలో పూరీలు వేయించు పనిని ఆ బాలికకే అప్పగింతురు గదా! కాగు నూనె మూకుడు అప్పగించునప్పుడు కలుగని భయము సన్నని కడ్డీని అప్పగించునప్పుడు ఏల కలుగవలయును? అది అపాయమును గూర్చిన భయము కాదు. అలవాటు లేనిదానిని గూర్చిన భయము.

రెండవ సందేహము చదువు చెడునని. ఆదివారము ఒక గంట తీరిక ఇందుకు చాలును. ఆ గంట పుస్తకమును విడిచినది కాదు. పుస్తకములోని మాటను చేతితో తాకి చూచినది. నీటిలో దిగనిదే ఈత రాదన్నట్లు, తీగ పట్టనిదే విద్యుత్పాఠము ఒంటబట్టదు. మూడవ సందేహము ఖర్చు. ఒక్కసారి కొనిన వస్తువులను పలకమీదనుండి తీసి మరల మరల వాడవచ్చును. పాడైన బ్యాటరీ బొమ్మలనుండి తీగలను, స్విచ్చులను, చిన్న మోటార్లను ఏరుకొనవచ్చును. నాలుగవ సందేహము అన్నిటికంటె పాతది: "రేపు అత్తవారింటికి పోవు పిల్లకు ఇది దేనికి?" అని. ఏ యింటికి పోయినను అచట విద్యుత్తు ఉండును, చెడు వస్తువులుండును. చెడినదానిని చూచి భయపడని గృహిణి ఏ యింటికైనను అలంకారమే. తన పిల్లల ప్రశ్నకు "మీ నాన్ననడుగుడు" అనక తానే బదులు చెప్పు తల్లి ఆ యింటి మొదటి గురువు.

ప్రతి బాలికయు ఇంజనీరు కావలయునని ఇచట వాదము కాదు. సంగీతము నేర్చిన వారందరును విద్వాంసులగుట లేదు. ఐనను నేర్చిన సంగీతము వ్యర్థము కాలేదు. అయితే జీవనోపాధి విషయమును కూడ మరువరాదు. ఆంధ్రప్రదేశమున శ్రీసిటీలో 2015వ సంవత్సరమున చేతిఫోనులు కూర్చు కర్మాగారము ప్రారంభమైనప్పుడు పనివారిలో అధికసంఖ్యాకులు యువతులే. పల్లెలనుండి వచ్చిన యువతుల వ్రేళ్ళు సన్నని భాగములను తప్పక కూర్చినవి. కూర్చు చేతులు వారివైనప్పుడు, వాని నమూనాలను రూపొందించు బుద్ధియు వారిది ఏల కారాదు? ఆ రెంటి నడుమ నున్న దూరము చదువుతోను, చిన్ననాటి అభ్యాసముతోను తగ్గునట్టిదే.

పాఠశాలల బాధ్యతయు తక్కువ కాదు. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగు ప్రయోగశాలల పథకము క్రింద దేశమున పదివేలకు పైగా పాఠశాలలలో ఆరవ తరగతి మొదలుకొని పండ్రెండవ తరగతి వరకు చదువు విద్యార్థులకు పనిముట్లు సమకూర్చిరి. పనిముట్లు గదిలో నున్నంత మాత్రమున చాలదు. అవి ఎవరి చేతిలో నున్నవో చూడవలయును. జట్టుపనిలో బాలురు తీగలు కలుపుటయు, దస్తూరి బాగున్నదని బాలికలచే వివరణపత్రము వ్రాయించుటయు తరచుగా జరుగు పొరపాటు. అది బాలికకు గౌరవమువలె కనబడును. నిజమునకు ఆమెకు మరల దీపము పట్టు పనియే దక్కినది. కావున ఉపాధ్యాయులు వంతులు ఏర్పరుపవలయును. ఈ వారము తీగలు కలిపినవారు వచ్చువారము వివరణ వ్రాయవలయును. వ్రాసినవారు తీగలు కలుపవలయును. ఇందువలన బాలురకును మేలే. వారి దస్తూరియు బాగుపడును!

తండ్రులు చేయదగిన పని ఇంకను సులభము. మరల గడియారము నిలిచిపోయిన దినమున కుమార్తెను పిలిచి స్క్రూడ్రైవరు ఆమె చేతికి ఈయవలయును. తమ్ముడు దీపము పట్టుకొనును. ఆమె ఒక మరను పోగొట్టవచ్చును. ఒక తీగను త్రెంపవచ్చును. "నేర్చుకొనుచున్నదిలే" యను ఆ పాత మాటనే ఈసారి ఆమె విషయమునను పలుకవలయును. ఆ ఒక్క మాటయంతటి ఓర్పు ఆమెకు దక్కినచో, వాన చినుకు పడినవేళ డాబామీద బజరు మ్రోగును. ఇంటిల్లిపాది వడియములు తీయుటకు పరుగెత్తుదురు. మెట్లమీద అందరికంటె ముందుగా పరుగెత్తునది, ఆ మ్రోతను తన చేతులతో నిర్మించిన ఆ బాలికయే యగును.